పాత పికప్ బండికి కందెన నూనె ఎంపిక

‘కందెన’ అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. ఎద్దుబండ్లే ప్రయాణ సాధనములుగా ఉన్న కాలమున వరిగడ్డిని కాల్చి, ఆ మసిని ఆముదముతో మెదిపి, బండి ఇరుసుకు పూసేవారు. దూరము పోవు బండి క్రింద కందెన గొట్టము వ్రేలాడుతూ ఉండేది. కందెన లేని ఇరుసు కీచుమని అరచి, వేడెక్కి, అరిగిపోతుందని బండివానికి ఎవరును పాఠము చెప్పనక్కరలేకపోయినది. ఇరుసు అరచి తన బాధ చెప్పుకొనేది. నేటి ఇంజను చాలాకాలము అరవదు. లోలోపల అరిగి ఒకనాడు బోరుకు వస్తుంది.

తెలుగు పాఠము చెప్పుకొను మేము ఇంజను నూనెను గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మా తరగతులలో కూర్చున్నవారిలో తండ్రియో అన్నయో పికప్ నడుపుచున్నవారు కొద్దిమంది కారు. సెలవులలో షెడ్డులో ఉస్తాదు చేతి క్రింద పానాలు అందించేవారును కలరు. ఆ యిండ్లలో బండియే పొలము, బండియే దుకాణము. ఇంజను విప్పిన నెలలో కళాశాల ఫీజు కట్టుటయే గగనమవుతుంది. కావున ఈ విషయము మన సంచికకు తగినదనియే మా అభిప్రాయము.

జగ్గయ్యపేట, నందిగామలు ఒకనాటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతము. 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. హైదరాబాదు–విజయవాడ రహదారి రెంటినీ కలుపుతూ పోతుంది. దానిని పాతవారు నేటికీ తొమ్మిదవ నెంబరు రోడ్డనియే అంటారు గాని ఇప్పుడది 65వ నెంబరు జాతీయ రహదారి. ఈ దారిపైనను, చందర్లపాడు, వత్సవాయి, పెనుగంచిప్రోలు వైపు పోవు చిన్న దారులపైనను పికప్ బండ్లు మోయని సరకు లేదు. గుంటూరు యార్డుకు పోవు మిరప టిక్కీలు, ప్రత్తి, సిమెంటు బస్తాలు, గడ్డి, పెండ్లి సామాను, ఒక్కొక్కప్పుడు పెండ్లివారు కూడ.

ఈ బండ్ల వంశావళి కొంత చెప్పుకొనవలెను. 1980లలో జహీరాబాదున ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారైనవి. తరువాత ఆ కర్మాగారము మహీంద్రావారి చేతికి పోయినది. 1988లో టాటా మొబైలు వచ్చినది. దాని వెనుకనే 207 అను బండి. జీపు సంతతి నుండి బొలెరో పికప్ పుట్టినది. 2005లో రెండు సిలిండర్ల టాటా ఏస్ వచ్చి సందుగొందులలోనికి చొచ్చుకొనిపోయినది. ‘పాత బండి’ అని మేము ఇచట అనునది పదునైదేండ్ల క్రిందటివి, అంతకు మునుపటివి అయిన డీజిలు బండ్లను ఉద్దేశించి. వీనిలో చాలవాటికి పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ లేదు. నూనె ఎంపికలో ఈ ఒక్క సంగతి ఎంత ముఖ్యమో ముందు తెలియగలదు.

ఇంజనులో నూనె చేయు పని ఏమి? ఇనుమునకు ఇనుము తగులకుండ నడుమ ఒక పొరవలె నిలచుట. ఇంత సులభముగా తోచు ఈ విషయము 1880ల వరకు శాస్త్రజ్ఞులకే సరిగా తెలియదు. ఇంగ్లండులో బీచెమ్ టవర్ అను ఇంజనీరు రైలుబండి బేరింగులపై ప్రయోగములు చేయుచు, బేరింగు పైభాగమున నూనె పోయుటకు ఒక రంధ్రము తొలిపించినాడు. ఇరుసు తిరుగనారంభింపగానే నూనె లోనికి పోవుటకు బదులు ఆ రంధ్రము నుండి పైకి ఉబికివచ్చినది. బిరడా కొట్టినాడు, బిరడా ఎగిరిపోయినది. కొయ్య మేకు దిగగొట్టినాడు. అదియు మెల్లగా పైకి నెట్టబడినది. తిరుగుచున్న ఇరుసు తానే నూనెను ఇరుకులోనికి లాగికొని, ఆ నూనె ఒత్తిడిపై తాను తేలుచున్నదని అప్పుడు తెలియవచ్చినది. 1886లో ఆస్‌బర్న్ రెనాల్డ్సు దీనికి గణితము కూర్చినాడు. మీ బండిలోని క్రాంకు షాఫ్టు ఈనాటికీ ఈ సూత్రము మీదనే తేలుతూ తిరుగుతున్నది. తిరుగుడు ఆగినప్పుడు పొర నశిస్తుంది. మరల స్టార్టు చేసిన తొలి క్షణములలో లోహము లోహమును తాకుతుంది. అరుగుదలలో చాల భాగము జరుగునది అప్పుడే.

ఆ పొర నిలుచుటకు నూనెకు తగినంత చిక్కదనము కావలెను. శాస్త్ర గ్రంథములలో దీనిని స్నిగ్ధత అంటారు. ఆముదమును చూడుడు: పుష్యమాసపు ఉదయమున సీసా వంచినను కదలదు, రోహిణి కార్తె ఎండలో నీరువలె జారుతుంది. ఇంజను నూనెకు వచ్చిన చిక్కు కూడ ఇదియే. చల్లగా ఉన్నప్పుడు పైదాకా త్వరగా ఎక్కవలెను, కాగినప్పుడు పలుచబడిపోరాదు. అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘము, అనగా ఎస్.ఏ.ఇ., ఈ చిక్కదనమునకు అంకెలు కట్టినది. డబ్బాపై ‘15 డబ్ల్యు 40’ అని ఉన్నచో, డబ్ల్యు అక్షరము చలికాలమునకు గుర్తు. దాని ముందున్న అంకె తక్కువైనకొలది నూనె చలిలో సులభముగా కదలుతుంది. వెనుకనున్న 40, నూనె నూరు డిగ్రీలకు కాగినప్పటి చిక్కదనమునకు గుర్తు. ఆ వేడిమి వద్ద స్నిగ్ధత 12.5 నుండి 16.3 సెంటీస్టోక్సుల లోపల ఉన్నచో అది 40; 16.3 నుండి 21.9 లోపల ఉన్నచో 50.

డబ్ల్యు ముందున్న 15 అంకెను సున్నకు 20 డిగ్రీలు తక్కువైన చలిలో పరీక్షించి నిర్ణయిస్తారు. 20 అంకెను సున్నకు 15 డిగ్రీలు తక్కువలో. జగ్గయ్యపేటలో అట్టి చలి కలలోనైన లేదు. కావున లడఖ్ సైనికునికి ప్రాణముతో సమానమైన ఈ మొదటి అంకెను గూర్చి మనము ఎక్కువ తర్కింప నక్కరలేదు. వేసవిలో 45 డిగ్రీలు తాకు ఎండ, ఆపైన లోడు: మనకు ముఖ్యమైనది రెండవ అంకె.

ఒకే నూనెకు రెండంకెలు ఎట్లు సాధ్యమని అడుగదగును. పొడవైన గొలుసులవంటి అణువులు గల పాలిమరులను నూనెలో కలుపుతారు. చల్లదనములో ఇవి ముడుచుకొని ఊరకుంటవి. వేడికి విప్పారి నూనె పలుచబడుటను అడ్డగిస్తవి. కాని నెలల తరబడి గేర్ల నడుమ, బేరింగుల నడుమ నలిగి ఈ గొలుసులు తెగిపోవుచుండును. డబ్బాపై 40 అని వ్రాసియున్న నూనె పని చేయగా చేయగా కొంత పలుచబడుటకు ఇది ఒక కారణము. డీజిలు కారి చాంబరులో కలియుట మరియొకటి.

అంకెల తరువాత అక్షరములు. దుకాణములో చాలమంది అంకెలు చూచి అక్షరములను విడుచుదురు. మా దృష్టిలో అక్షరములే అధిక ముఖ్యము. అమెరికన్ పెట్రోలియం సంస్థ, అనగా ఏ.పి.ఐ., పెట్రోలు ఇంజను నూనెలకు ‘ఎస్’ తోను, డీజిలు ఇంజను నూనెలకు ‘సి’ తోను మొదలగు తరగతులు పెట్టినది. సి.ఎఫ్.-4 వచ్చినది 1990లో, సి.హెచ్.-4 1998లో, సి.ఐ.-4 2002లో, సి.జె.-4 2006లో, సి.కె.-4 2016 చివరలో. పాత బండి చేతిపుస్తకములో సి.డి. అనియో సి.ఎఫ్.-4 అనియో ఉండవచ్చును. ఆ డబ్బాకై ఊరంతయు వెదకనక్కరలేదు. సి.ఐ.-4 ఆ పాత తరగతులన్నింటి స్థానమున పనికివస్తుంది. సి.జె.-4, సి.కె.-4 నూనెలు మసి జల్లెడ గల క్రొత్త బండ్లను దృష్టిలో ఉంచుకొని, బూడిద తక్కువగా మిగులునట్లు చేసినవి. పాత బండిలో పోసినచో ముప్పు లేదు గాని అదనపు వెల పెట్టుటకు కారణమును లేదు. ఒక్కదానిని మాత్రము దరిచేరనీయరాదు: సి.కె.-4తో పాటే వచ్చిన ఎఫ్.ఏ.-4. అది ఇంధనము ఆదా చేయుటకై పలుచగా చేసిన నూనె. పాత ఇంజనుల కొరకు కాదు.

కనుక ఆరోగ్యముగా ఉన్న పాత డీజిలు పికప్‌కు మేము చెప్పునది 15 డబ్ల్యు 40, సి.హెచ్.-4 లేదా సి.ఐ.-4. ప్రభుత్వరంగ సంస్థల సర్వో, మాక్, హెచ్.పి. అయినను, ప్రైవేటు కంపెనీల క్యాస్ట్రాల్, గల్ఫ్ అయినను, అంకె అక్షరము సరిపోయినచో పేరును బట్టి తగవులాడుట వ్యర్థము. పేరు ప్రస్తావన వచ్చినది గనుక ఒక ముచ్చట. క్యాస్ట్రాల్ అను పేరు 1909లో ఆముదము నుండి పుట్టినది. ఆముదమునకు ఇంగ్లీషులో క్యాస్టర్ ఆయిల్ అని పేరు గదా. తొలినాటి విమానముల ఇంజనులు కూడ ఆముదముతోనే తిరిగినవి. మన బండివాడు ఇరుసుకు పూసినదీ, ఆకాశమున ఎగిరినవాడు ఇంజనులో పోసినదీ ఒకటే! కాని వేడికి ఆముదము జిగురుకట్టును, ఖనిజ తైలముతో కలియదు. అందుచేత నేటి ఇంజనులో దానికి చోటు లేదు.

మరియొక సంగతి పెద్ద మేస్త్రీలు కూడ గమనింపవలసినది. 1990ల తొలినాళ్ళ వరకు మన డీజిలులో నూటికి ఒక వంతు దాకా గంధకమునకు అనుమతి ఉండేది. అది మండగా పుట్టు ఆమ్లము బేరింగులను తినివేసేది. దానిని చంపుటకు నూనెలో క్షారము కలుపుతారు. ఆ క్షారము తరిగిపోయినంతనే నూనె మార్చవలసి వచ్చేది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమ్ము డీజిలులో గంధకము పది లక్షల పాళ్ళలో 10 పాళ్ళకు మించరాదు. అనగా వేయవ వంతుకు తగ్గినది. బండి పాతదే, త్రాగునది మాత్రము క్రొత్త డీజిలు. ఆమ్లపు పీడ చాలవరకు తొలగినది. మసి, దుమ్ము, వేడి తొలగలేదు. కావున ‘ఇప్పుడు డీజిలు శుభ్రమైనది, నూనె ఎంతకాలమైన నడుచును’ అను మాట నమ్మదగినది కాదు.

ఇక మన షెడ్లలో నిత్యము జరుగు వాదము: ఇంజను పాతబడినచో చిక్కని నూనె పోయవలెనా? పోసిన వెంటనే శబ్దము తగ్గును, గేజి ముల్లు లేచును, యజమాని సంతోషించును. కాని ముల్లు చూపునది ఒత్తిడిని మాత్రమే. నూనె ఎంత చేరినదో అది చెప్పదు. పొలములో నీళ్ళ పైపు మూతిని బొటనవ్రేలితో నొక్కినచో ధార దూరము పడును, తొట్టి మాత్రము త్వరగా నిండదు. పైగా ఒత్తిడి మితిమీరినచో రిలీఫ్ వాల్వు తెరచుకొని, పంపు తోడిన నూనెలో కొంత తిరిగి చాంబరులోనికే పోతుంది. ఉదయపు తొలి నిమిషములో టాపెట్ల దాకా నూనె ఎక్కుట ఆలస్యమగును.

అయినను ఉస్తాదు మాటను కొట్టిపారవేయుట మా ఉద్దేశము కాదు. రింగులు, లైనర్లు అరిగి, బండి నూనె త్రాగుచు, కాగిన తరువాత ఐడిలింగులో ఒత్తిడి పడిపోవుచున్నచో, 20 డబ్ల్యు 50 పోయుట న్యాయమే. అది వైద్యము కాదు, గడువు కొనుక్కొనుట. మిరప సీజను దాటించి, చేతిలో నాలుగు రూకలు పడిన పిమ్మట బోరు చేయించుకొందమని యజమాని లెక్కవేసినచో అది తెలివిగల లెక్కయే. చేయరానిది ఏమనగా, అరుగుదల లేని ఇంజనులో ‘పాతది గదా’ అని చిక్కని నూనె పోయుట. దుకాణములో దొరకు 20 డబ్ల్యు డబ్బాలలో పెక్కు మోటారు సైకిళ్ళకు ఉద్దేశించినవని కూడ మరువరాదు. వానిపై ‘ఎస్’ తరగతి అక్షరములే ఉండును. డీజిలు మసిని మోయు శక్తి వానికి చాలదు.

నూనె త్రాగుచున్నదా లేదా అనునది ఎట్లు తెలియును? సమతలముపై బండి నిలిపి, ఇంజను ఆపి, పది నిమిషములు ఆగి, డిప్‌స్టిక్కు తుడిచి మరల ముంచి చూడవలెను. వారమునకొకసారి చూచి, ఎన్ని కిలోమీటర్లకు ఎంత పోసినది ఒక నోటుపుస్తకములో వ్రాసికొన్నచో ఏ మేస్త్రీ కంటెను ఆ పుస్తకమే నిజము చెప్పును. సైలెన్సరు నుండి నీలిపొగ వచ్చినచో నూనె మండుచున్నదని అర్థము. నల్లపొగ నూనెది కాదు. గాలి చాలకనో డీజిలు ఎక్కువైయో వచ్చునది. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ విడువకున్నచో రేడియేటరు నీరు లోనికి పోవుచున్నదేమో చూడవలెను. నూనె నల్లబడుటకు మాత్రము భయపడవలదు. డీజిలు ఇంజనులో క్రొత్త నూనె కొద్ది దినములలోనే నల్లబడును. మసిని లైనరుపై పేరుకొననీయక తనలో పట్టియుంచినదనుటకు అది గుర్తు. ఒక చుక్కను వడపోత కాగితముపై వేసి ఆరనిచ్చి చూచినచో, మరక మెల్లగా అంచులకు పలుచబడుచు వ్యాపించిన నూనెలో ఇంకను సత్తువ ఉన్నట్లు. నల్లని గుండ్రని ముద్దగా మధ్యనే నిలచి చుట్టును లేత వలయము ఏర్పడినచో దాని పని అయిపోయినట్లు. ఇది ముతక పరీక్షయే గాని ఖర్చులేనిది.

మన ప్రాంతపు దుమ్మును గూర్చి వేరుగా చెప్పవలెను. సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారములు ఉన్న నేల మనది. అందరును సున్నపు దుమ్మునే నిందింతురు. సున్నపురాయి ఖనిజము కాఠిన్యములో మోస్ కొలబద్దపై 3. ఇసుకలోని క్వార్ట్‌జ్ 7. లైనరు పోత ఇనుమును ఎక్కువగా గీయునది రెండవదే. కావున గని ప్రక్కన తిరుగు బండి కంటె ఇసుక, ఎర్రమట్టి దారులలో తిరుగు బండికే ఎక్కువ భయము. పాత జీపు జాతి బండ్లలో గాలి వడపోతకు క్రింద నూనె గిన్నె ఉండును. దానిలో అడుగున బురద పేరుకొన్నచో, చాంబరులో ఎంత మేలైన నూనె పోసినను వ్యర్థము. ఎండ, దుమ్ము, అధిక లోడు ఉన్నచోట నూనె మార్పు గడువు తగ్గించుకొనుమని కర్మాగారమువారే చేతిపుస్తకములలో వ్రాయుదురు. మన బండ్లకు ఈ మూడును కలవు. నూనెతో పాటు ఫిల్టరు మార్చుట మానరాదు. మార్చునప్పుడు డీజిలుతో ఇంజను కడుగు అలవాటు కొందరికి కలదు. మూలలలో మిగిలిన డీజిలు క్రొత్త నూనెను పలుచబరచును గనుక, వేడిగా ఉన్నప్పుడే పాత నూనెను పూర్తిగా కారనిచ్చుట మేలు.

వరద వచ్చినప్పటి మాట వేరు. 2023 జూలైలో మునియేరు పొంగి నందిగామ చెంత ఐతవరము వద్ద జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయినవి. 2024 సెప్టెంబరు మొదట మరల ఈ ప్రాంతమంతయు వరద పాలైనది. ఇంజను మునిగిన బండిని ‘ఒక్కసారి కొట్టి చూతము’ అని స్టార్టు చేయుట కంటె నష్టము లేదు. ముందు డిప్‌స్టిక్కు తీయవలెను. నూనె మజ్జిగ రంగులో ఉన్నచో నీరు కలిసినదని అర్థము; దానిని పూర్తిగా తీసివేసి, ఫిల్టరు మార్చి, సిలిండర్లలో నీరు లేదని మేస్త్రీ చూచిన తరువాతనే తాళము త్రిప్పవలెను.

కొనుటలో మోసములు కలవు. వాడిన నూనెను వడగట్టి రంగు దేర్చి క్రొత్త డబ్బాలలో అమ్మువారున్నారు. కావున సీలు చూచి, రసీదు తీసికొని కొనవలెను; ఖాళీ డబ్బాకు రంధ్రము పొడిచి పారవేయవలెను. విడి నూనె లీటరుకు కొంత చౌకయని కొనరాదు. ఒకసారి బోరు చేయించు ఖర్చుతో ఎన్నిమార్లు మేలైన నూనె మార్చవచ్చునో ఏ షెడ్డులోనైన అడిగి లెక్కవేసికొనవచ్చును.

తీసిన నూనె ఎక్కడికి పోవుచున్నది? షెడ్డు వెనుక మట్టిలోనికి, కాలువలోనికి, లేదా చెదల మందుగా వాసములకు. 2016 నాటి నిబంధనల క్రింద ఇది ప్రమాదకర వ్యర్థము. 2024 ఏప్రిల్ 1 నుండి తయారీదారులే దాని సేకరణకు, శుద్ధికి బాధ్యత వహింపవలెనను నియమము వచ్చినది. షెడ్లలో పనిచేయు మన పిల్లలు మోచేతుల దాకా ఈ నూనెలో ముంచి, సాయంకాలము పెట్రోలుతో కడుగుకొనుట చూచుచున్నాము. వాడిన నూనెలో చర్మమునకు పుండు కలిగించు, క్యాన్సరుకు దారితీయు పదార్థములు కలవు. చేతి తొడుగులు, సబ్బు పెద్ద ఖర్చు కాదు. ఉస్తాదులు దీనిని నామోషీగా తలంపవలదు.

కళాశాల పాలకవర్గమునకు ఒక మనవి. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో జాడీలోని ఆముదములోనికి ఉక్కుగుండు జారవిడిచి స్నిగ్ధత కనుగొను ప్రయోగము ఏటేట జరుగుచునే ఉన్నది. ఆ ఆముదముతో పాటు 15 డబ్ల్యు 40 క్రొత్త నూనెను కూడ పెట్టించవలెనని కోరుచున్నాము. షెడ్డు నుండి తెచ్చిన పాత నూనెలో గుండు కనబడదు గనుక, దానికి అడుగున సన్నని రంధ్రము గల గిన్నె చాలును. పాత, క్రొత్త నూనెలను ఒకే వేడిమికి తెచ్చి, చెరి 50 మిల్లీలీటర్లు కారుటకు ఎన్ని సెకండ్లు పట్టినదో వ్రాసికొనవచ్చును. కావలసినవి ఒక థర్మామీటరు, ఒక స్టాప్‌వాచి, ఒక పూట తీరిక. నూనె తెచ్చుటకు మా తెలుగు తరగతి విద్యార్థులు సిద్ధముగా ఉన్నారు.